వెలుగు పర్దా, లోబాన్ పొగ

శాలిబండలో బస్సు దిగి, గాజుల దుకాణాలు దాటి, చాయ్ హోటల్ పక్క గల్లీలోకి తిరిగితే మురళి కార్ఖానా వస్తుంది. దానికి బోర్డు లేదు. ధన్‌మని చప్పుడు ఏ తలుపు వెనక నుంచి వస్తే అదే కార్ఖానా అని గల్లీ అంతటికీ తెలుసు. రేకు పెట్టెలకు వేసే మూలలు, గొళ్ళేలు, మడతబందులు అక్కడ తయారవుతాయి. పెట్టె కొనేవాళ్ళు రంగు చూస్తారు, మూత మీద వేసిన పూలు చూస్తారు. మూలకు కొట్టిన రేకు ముక్కను ఎవరూ చూడరు. పెట్టెను పదికాలాలు పట్టి ఉంచేది మాత్రం అదే. బాబూమియా జీవితమంతా ఆ రేకు ముక్కల మధ్యే గడిచింది.

ఆయన కిషన్‌బాగ్ నుంచి రోజూ షేర్ ఆటోలో వస్తాడు. అరవైకి దగ్గర పడిన మనిషి, మెహందీ పెట్టిన గడ్డం, ఎప్పుడూ ఉతికిన కుర్తా. ఎడమ చెయ్యి మాత్రం జేబులోనే ఉంటుంది. పనిలో ఉన్నప్పుడు తప్ప బయటికి రాదు. కొత్తవాళ్ళు చూసి, ముసలాయనకు ఎంత పొగరో అనుకుంటారు. పొగరేం కాదు పాపం. ఆ చేతికి చూపుడు వేలు, నడిమి వేలు సగానికి లేవు.

అవి పోయింది ఈ కార్ఖానాలోనే, ఈ పవర్ ప్రెస్ కిందనే. అప్పటికి ఆయనకు పెళ్ళి కాలేదు, మురళి ఇంకా పుట్టలేదు, కార్ఖానా మురళి తండ్రిది. కాలితో పెడల్ నొక్కితే ప్రెస్ పైభాగం దిగి, అచ్చులో పెట్టిన రేకును కోస్తుంది. పాత ప్రెస్సులకు ఒక దుర్గుణం ఉంది. క్లచ్ ఒకసారి పట్టిందంటే చుట్టు పూర్తిగా తిరిగేదాకా వదలదు, మధ్యలో ఎవరు ఆపినా ఆగదు. కుర్రవాడైన బాబూమియా ఇరుక్కున్న రేకును లాగబోయాడు. కాలు పెడల్ మీదనే ఉంది. అంతే.

ఆయన తల్లి కొడుకును ఆ పని మానమనలేకపోయింది. ఇల్లు గడవాలి. అందుకని లోబాన్ ఫకీరును మాట్లాడింది. పాతబస్తీలో ప్రతి జుమేరాత్ నాడు, అంటే గురువారం, నిప్పుల డబ్బాలో సాంబ్రాణిలాంటి లోబాన్ వేసి నెమలీకల విసనకర్రతో దుకాణం దుకాణానికీ పొగ పట్టే ఫకీర్లు ఉంటారు. అలాంటి ఒకాయనకు ఆమె ఒక షరతు పెట్టింది. ప్రెస్ నడుస్తుండగానే పొగ పట్టాలి. ఆగి ఉన్న మిషన్‌తో ఏం భయం, ప్రమాదం నడుస్తున్నప్పుడే కదా అని ఆమె లెక్క. ఆమె పోయింది, ఆ ఫకీరూ పోయాడు, ఇప్పుడు ఆయన కొడుకు వస్తున్నాడు. షరతు మాత్రం అలాగే ఉంది. పొగ వచ్చినప్పుడు బాబూమియా ఒక్క కుడిచేత్తోనే పని నడుపుతాడు. ఎడమ చేతిని జేబులో దాచుకుంటాడు. పోయిన వేళ్ళకు ఇంక దువా, దీవెన ఎందుకని ఆయన ఉద్దేశం.

ఆ తరువాత ప్రెస్ ఇంకెవరి వేలూ తీసుకోలేదు. అది తన జాగ్రత్త వల్లనని ఎవరైనా అంటే బాబూమియా ఒప్పుకోడు. అమ్మ పెట్టించిన పొగ వల్లనే అంటాడు.

ఇన్నేళ్ళుగా ఇలా నడిచిన కార్ఖానాకు ఈమధ్య ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. కరెంటు బాక్సులు తయారుచేసే కంపెనీవాళ్ళు వచ్చి సరుకు చూసి మెచ్చుకున్నారు. ప్రెస్‌ను చూసి మొహం చిట్లించారు. చేతికి రక్షణ లేని మిషన్ మీద కోసిన ముక్క మాకు వద్దన్నారు. కొత్త ప్రెస్ కొనాలంటే మురళి ఇల్లు అమ్ముకోవాలి. చివరికి ఎవరో చెబితే పాత మిషన్లకు కొత్త హంగులు బిగించే స్రవ్య అనే ఇంజనీరమ్మాయిని పిలిపించాడు.

ప్రెస్‌ను పాత ఇనుము కింద తూకానికి వేస్తారేమోనని బాబూమియాకు గుండెల్లో రాయి పడింది. స్రవ్య ప్రెస్ చుట్టూ తిరిగింది, తట్టి చూసింది, కిందికి దూరి టార్చి వేసింది. తరువాత ఈ ఒళ్ళు ఇంకో తరం నడుస్తుంది, నరాలు మారిస్తే చాలని చెప్పింది. ఆ మాటతో ఆ అమ్మాయి బాబూమియాకు సొంత మనిషైపోయింది. ఆమె పనిచేసిన రోజులన్నీ చాయ్ ఆయనే తెప్పించాడు.

పాత క్లచ్ తీసేసి గాలితో పనిచేసే క్లచ్, బ్రేకు బిగించారు. ఇప్పుడు ప్రెస్ ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది. అచ్చుకు అటూ ఇటూ రెండు పసుపు పచ్చ స్తంభాలు నిలబెట్టారు. ఒకదాని నుంచి ఇంకోదానికి కంటికి కనపడని కిరణాలు పోతుంటాయి. వాటి మధ్యకు ఏది వచ్చినా ప్రెస్ టక్కున ఆగుతుంది. బాబూమియా దానికి పర్దా అని పేరు పెట్టాడు, అందరూ అదే అనడం మొదలుపెట్టారు. పక్కన ఒక పెట్టె, దాని మీద తెర. ప్రెస్ ఆగినప్పుడల్లా మురళి ఫోనుకు కబురు పోతుంది. అచ్చు మార్చేటప్పుడు మాత్రం చెయ్యి లోపలికి పెట్టక తప్పదు కాబట్టి, పర్దాను కాసేపు ఆపడానికి ఒక తాళంచెవి ఉంది. పర్దా ఆగి ఉన్నంతసేపూ పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది. తాళంచెవిని మురళి దగ్గరే పెట్టుకోమని స్రవ్య గట్టిగా చెప్పింది. మురళి వారం తిరక్కుండానే దాన్ని బాబూమియాకు ఇచ్చేశాడు. అచ్చులు మార్చేది ఆయనే, ప్రతిసారీ ఎవడు లేచి వస్తాడు?

స్రవ్య ఇంకొకటి కూడా చెప్పింది. రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు ఒక వెదురు కర్రను కిరణాలకు అడ్డం పెట్టి పెడల్ నొక్కి చూడాలి. ప్రెస్ కదలకపోతేనే రేకు పెట్టాలి. బాబూమియా నవ్వి, నీ చెయ్యి పెట్టి చూపించు బేటీ, అప్పుడు నమ్ముతానన్నాడు.

"నేను పెట్టను చాచా. మీరూ పెట్టొద్దు. ఎప్పుడైనా కర్రే," అంది స్రవ్య.

తను బిగించినదాన్ని తనే నమ్మని మనిషేమిటని బాబూమియాకు విడ్డూరంగా తోచింది. ఆమె వద్దు వద్దంటుండగానే తన కుడి చేతిని పర్దా మధ్యకు పెట్టి పెడల్ తొక్కాడు. ప్రెస్ కదల్లేదు. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. స్రవ్య మాత్రం మొహం ఎర్రగా చేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి కర్ర మూలకు చేరింది, ఆయన చెయ్యే కర్ర అయింది.

ఆ చప్పట్లే ఇంట్లో ఒక యుద్ధాన్ని ముగించాయి. బాబూమియా చిన్న కూతురు ఉమ్మే హానీ. ఇంటర్ చదివింది, ఇంట్లో కూర్చుని లక్క గాజులకు రాళ్ళు అతికించే పని చేసేది. లక్క కరిగే పొగకూ వేడికీ కళ్ళు మండేవి. ఆర్డరు పెరిగింది, ప్రెస్ మీద ఇంకో మనిషి కావాలని తెలిసినప్పటి నుంచి ఆ పని తనకివ్వమని తండ్రి వెంట పడింది. తన ఇంటి చెయ్యి ఇంకొకటి ఆ ప్రెస్ కిందికి పోకూడదని బాబూమియా ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నాడు. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే మరి.

"మిషన్‌కు మన బిడ్డ, పరాయి బిడ్డ అని తెల్వదు," అన్నాడు.

"పర్దాకు కూడ తెల్వది అబ్బా. ఎవల చెయ్యి పెట్టినా ఆపుతది," అంది ఉమ్మే హానీ.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిపిల్ల సంగతి వేరే చెప్పాలా? తండ్రి తన చేతిని తనే పెట్టి చూశాక ఇంక కాదనడానికి ఏమీ మిగల్లేదు. ఉమ్మే హానీ కార్ఖానాకు రావడం మొదలుపెట్టింది. పని నేర్పడానికి వచ్చిన స్రవ్య ముందుగా ఆ పిల్ల చేతికి వెదురు కర్ర ఇచ్చింది.

అంతా బాగానే ఉంది కానీ, ప్రెస్‌కు ఒక కొత్త జబ్బు పట్టింది. ప్రతి జుమేరాత్ సాయంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాసేపు మొండికేస్తుంది, మళ్ళీ తనంతట తనే బాగవుతుంది. మురళి ఫోను కుయ్యోమంటుంది. కంపెనీకి సరుకు ఆలస్యమవుతుంది. స్రవ్య మధ్యలో ఏదో ఒక రోజు వచ్చి తీగలన్నీ చూసేది, లోపమేమీ దొరికేది కాదు. జుమేరాత్ నాడు ఇక్కడ ప్రత్యేకంగా ఏమైనా జరుగుతుందా అని అడిగింది. ఏమీ జరగదని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. అబద్ధం కాదు. ప్రతి వారం జరిగేదాన్ని జరిగిందని ఎవరు లెక్క వేస్తారు? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది వాళ్ళ పని.

మురళికి విసుగెత్తి ఆ స్తంభాలు పీకించేస్తానన్నాడు. అవి పోతే ఆర్డరు పోతుంది, ఉమ్మే హానీ మళ్ళీ గాజుల దగ్గరికి పోతుంది. స్రవ్య ఇంకొక్క అవకాశం ఇమ్మని, ఒక జుమేరాత్ నాడు మధ్యాహ్నం నుంచే వచ్చి కూర్చుంది. సాయంత్రం ఫకీరు వచ్చాడు. నెమలీకలతో పొగను ప్రెస్ మీదికి విసిరాడు. తెల్లటి పొగ దట్టంగా స్తంభాల మధ్య నిండింది, ప్రెస్ ఆగింది. స్రవ్య తల పట్టుకుని నవ్వింది. పొగ కిరణాలకు అడ్డం వస్తోందని, పర్దా దాన్ని కూడా చెయ్యే అనుకుంటోందని వివరించింది. పొగ పట్టేటప్పుడు ప్రెస్ ఆపేయండి, లేదా పొగను గుమ్మం దగ్గరే పట్టించండి, అంతే అంది.

ఆమెకు అది అంతే. బాబూమియాకు మాత్రం అంతే కాదు. నడుస్తుండగానే పట్టాలన్నది అమ్మ షరతు. పొగలో ప్రెస్ ఆగడమంటే దువా మధ్యలో తెగిపోయినట్టు. ఇన్నేళ్ళు కాపాడిన పొగను ఇవాళ వచ్చిన రెండు స్తంభాల కోసం గుమ్మం బయట నిలబెట్టడం ఆయనకు మనసొప్పలేదు. అందులోనూ ఇప్పుడు ఆ ప్రెస్ దగ్గర కూర్చునేది తన కూతురు. పొగా కావాలి, పర్దా కూడా కావాలి. బిడ్డ విషయంలో ఆయనకు ఏ ఒక్కటీ చాలదు.

తరువాతి జుమేరాత్ నాడు ఉమ్మే హానీ పెందలాడే ఇంటికి వెళ్ళింది. ఇక శనివారం నుంచి ఆమె ఒక్కతే ప్రెస్ నడపాలని నిర్ణయమైంది. ఫకీరు గుమ్మంలోకి రాగానే బాబూమియా ఎవరికీ చెప్పకుండా తాళంచెవి తిప్పి పర్దాను ఆపేశాడు. ఎర్ర లైటు వెలిగింది. ప్రెస్ పొగలో ఆగకుండా నడిచింది, మురళి ఫోను మోగలేదు. బాబూమియా కళ్ళు చెమర్చాయి. ఆ రోజు ఇంకో ముచ్చట కూడా తీర్చుకున్నాడు. బిడ్డ కొత్త పని కోసమని గులాబీల దండ కొనుక్కొచ్చి ఉంచాడు. దసరాకు మురళి పెట్టిన కుంకుమ బొట్టు పక్కనే, ఎర్ర లైటున్న ఆ పెట్టె మీదికి దండ వేశాడు. ఇంతలో మగ్రిబ్ అజాన్ వినిపించింది. ప్రెస్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, మసీదుకు పరిగెత్తాడు. ఇంటికి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నామంటే ఇల్లు భద్రమని ఎలా అనుకుంటామో, ఆయన అలాగే అనుకున్నాడు. పర్దాను మళ్ళీ పనిలో పెట్టలేదన్న సంగతి మనసుకు తట్టలేదు. ఎర్ర లైటు గులాబీల కింద ఉండిపోయింది.

శుక్రవారం గల్లీ అంతటికీ సెలవు.

శనివారం పొద్దున ఉమ్మే హానీ బిస్మిల్లా అనుకుని ప్రెస్ ముందు పీట మీద కూర్చుంది. మురళి మిఠాయి డబ్బా తెచ్చాడు. బాబూమియా కుర్తా చేతులు మడిచి, రోజూ చేసేదే కదా, కుడి చెయ్యి పెట్టి చూపిస్తానని ముందుకు వచ్చాడు.

"వద్దు అబ్బా. ఇయ్యాల పీట నాది, కర్ర గూడ నాదే," అంది ఉమ్మే హానీ.

మూలన దుమ్ము కొట్టుకుని ఉన్న వెదురు కర్రను తెచ్చి, స్రవ్య నేర్పినట్టు అచ్చు మీదికి చాచి, పెడల్ నొక్కింది. ధన్‌మని ప్రెస్ దిగింది. కర్ర కొస రేకు తెగినంత నున్నగా తెగి, అచ్చు మీద నుంచి కింద పడింది. మిగిలిన ముక్క ఆమె చేతిలో ఉండిపోయింది. బాబూమియా కుడి చెయ్యి అలాగే గాలిలో చాచి ఉంది.

ముందుగా తేరుకున్నది మురళి. పర్దా పాడైపోయిందనుకున్నాడు. స్రవ్యకు ఫోను చేసి ఇష్టం వచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టాడు. మనుషుల ప్రాణాలతో ఆటలా, వెంటనే వచ్చి నీ స్తంభాలు ఊడబీక్కుని పో అని అరిచాడు. ఆ అమ్మాయి అవతల నుంచి ఏదో చెప్పబోతే వినిపించుకోలేదు.

బాబూమియా చూపు పెట్టె మీద పడింది. వాడిపోయిన గులాబీ రేకుల సందుల్లోంచి ఎర్రగా ఏదో కనిపించింది. ఒక్క క్షణంలో ఆయనకు అంతా అర్థమైంది. తాళంచెవి తిప్పిన సంగతి ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుని ఉంటే నింద ఆ ఇంజనీరమ్మాయి మీదికి పోతుంది. స్తంభాలు పోతాయి, కూతురు ఇంటికి పోతుంది, ఇంక ఆ పిల్ల చేతికి ఎన్నటికీ భయం ఉండదు. ఒక తండ్రికి ఇంతకంటే సులువైన దారి ఉండదు. దాన్ని తలుచుకున్నాడని చెప్పడానికి మొహమాటం ఎందుకు, తలుచుకున్నాడు. కానీ తెగిన కర్ర పట్టుకున్న కూతురు తన మొహంలోకే చూస్తోంది. ఆయన ఎడమ చేత్తో, అందరి ముందూ, ఆ దండను పైకెత్తాడు. కింద లైటు వెలుగుతోంది. మురళి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"బేటీ, నీ పర్దాల తప్పు లేదు. జుమేరాత్ నాడు పొగ కోసం నేనే బంద్ జేసిన. మళ్ళ చాలు జేసుడు మరిచిపోయిన. నిన్ను తిట్టిన తిట్లు నాయి," అన్నాడు.

ఫోను మురళికి తిరిగి ఇచ్చేశాడు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. మురళి తిట్టలేదు. తాళంచెవి ఇచ్చేసింది తనే కదా, ఎవరిని తిడతాడు? చిన్నప్పుడు తనను భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి అలా కూలబడితే చూడలేక నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఉమ్మే హానీ ఏడవలేదు. తెగిన కర్రను సంచీలో పెట్టుకుంది. ఆ రోజు ప్రెస్ నడవలేదు.

సాయంత్రం షేర్ ఆటోలో తండ్రీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. రేపటి నుంచి రానంటుందని బాబూమియా ఎదురుచూశాడు. అనాలని కోరుకున్నాడు, అంటుందేమోనని భయపడ్డాడు కూడా. కిషన్‌బాగ్‌లో దిగే ముందు ఆమె చెయ్యి చాచింది.

"తాళంచెవి నాకియ్యి అబ్బా," అంది.

ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. మర్నాడు పొద్దున ఆమె తండ్రికంటే ముందే తయారైంది. దారిలో దిగి కొత్త వెదురు కర్ర కొంది. తాళంచెవి తిప్పి పర్దాను పనిలో పెట్టి, కర్ర అడ్డం పెట్టి, పెడల్ నొక్కింది. ప్రెస్ కదల్లేదు. ఇంకోసారి నొక్కింది. కదల్లేదు. అప్పుడే రేకు అందుకుంది. బాబూమియా పక్కన నిలబడి చూశాడు. చెయ్యి పెట్టి చూపిస్తానని ఇంకెప్పుడూ అనలేదు.

మళ్ళీ జుమేరాత్ వచ్చింది. సాయంత్రం దగ్గర పడేకొద్దీ బాబూమియా గుమ్మానికీ ప్రెస్‌కూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ప్రెస్ ఆపించి పొగ పట్టించాలా, ఫకీరును వెనక్కి పంపాలా, ఏదీ తేలడం లేదు. పొగను ఆపితే అమ్మ మాట పోతుంది. ఆయన గొణుగుడు విని ఉమ్మే హానీ పెడల్ మీంచి కాలు తీసింది.

"దాదీ దువా అడిగింది మిషన్ కోసమా అబ్బా, నీ చేతి కోసమా?" అని నాయనమ్మ మాటెత్తి అడిగింది.

ఇన్నేళ్ళలో తనకు ఆ ప్రశ్న ఎందుకు పుట్టలేదో బాబూమియాకు తెలియలేదు. ఇంతలో గల్లీలో నిప్పుల డబ్బా వాసన వచ్చింది. ఉమ్మే హానీ చేతులు తుడుచుకుని గుమ్మం బయటికి వెళ్ళింది. ఫకీరు ముందు రెండు అరచేతులూ చాచి నిలబడింది. ఆయన ఒకసారి బాబూమియా వంక చూశాడు. బాబూమియా తల ఊపాడు. నెమలీకలు కదిలాయి, తెల్లటి పొగ ఆ పిల్ల పది వేళ్ళ మధ్య నుంచి పైకి లేచింది.

ఆమె వెనక్కి తిరిగి తండ్రిని రమ్మని సైగ చేసింది. ఆయన వచ్చి కుడి చెయ్యి చాచాడు. ఆమె కదలకుండా, ఆయన జేబు వంక చూస్తూ నిలబడింది. చాయ్ హోటల్ దగ్గర జనం ఉన్నారు, గల్లీలో బండ్లు పోతున్నాయి. బాబూమియా వాళ్ళ వంక ఒకసారి చూసి, ఎడమ చేతిని జేబులోంచి తీసి కూతురి చేతుల పక్కన పెట్టాడు. అమ్మ పెట్టించిన లోబాన్ పొగ ఆ చేతికి తగలడం అదే మొదటిసారి.